నిన్నటికన్నా మేలేనా

మార్కాపురంలో నేను పనిచేసిన ఫిజియోథెరపీ క్లినిక్కుకు ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. నలభై ఏళ్లు పలకలు కోసిన ఆయన చేతికి పార్కిన్సన్స్ వణుకు పట్టుకుంది. ఉప్పునీళ్లలో తడిపిన స్పాంజీలు ఆయన నెత్తిన కట్టి, ఇరవై నిమిషాలు సన్నటి కరెంటు పంపడం నా పని. మాత్రలతోపాటు ఇదీ నెలల తరబడి సాగాలన్నాడు డాక్టరు. గుణం కనిపిస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేదు.

ఆ ఇరవై నిమిషాలూ ఆయన కుదురుగానే కూర్చునేవాడు. కాలుగాలిన పిల్లిలా తిరిగేది నేనే. మిషన్ ఆగగానే సంచిలోంచి పలక తీసి, బలపంతో అడ్డంగా ఒక గీత గీసేవాడు.

"ఏందమ్మా, నిన్నటికన్నా మేలేనా?"

"మేలే పెదనాయనా."

వెంటనే తడిగుడ్డతో తుడిచేసేవాడు. ఇక పోల్చి చూడడానికి నిన్నటి గీత ఎక్కడుంది? ఆ అబద్ధం ఇంటికెళ్లినా నన్ను నిలవనిచ్చేది కాదు.

ఏడాది గడిచాక ఒకరోజు ఉండబట్టలేక, "నాకు తెలీదు పెదనాయనా, ఊరికే మేలంటున్నా" అనేశాను.

ఆయన నవ్వి పలక తిరగేశాడు. వెనకవైపు మేకుతో గీరిన గీత ఒకటుంది. ఇప్పుడు గీసినదానికన్నా అదే తిన్నగా ఉంది.

"ఇది మొదటిరోజుదమ్మా. నువ్వేమో రోజూ మేలంటా ఉంటివి. చూపిస్తే నొచ్చుకుంటావని దాచినా."

ఆయన పలకను సంచిలో పెట్టుకుని లేచాడు.

"రేపు పెందలాడే వస్తా. స్పాంజీలు తడిపిపెట్టు తల్లీ."