మంత్రిని ఇవ్వవచ్చునా

నాకు చదరంగం మనుషులు నేర్పలేదు. చేవెళ్లలో నా జిరాక్స్ దుకాణం మూసేశాక గ్రంథాలయానికి వెళ్లి, అట్టలూడిన పుస్తకాల్లో బొమ్మలు చూసుకుంటూ ఎత్తులు బట్టీ పట్టాను. తెలిసే పెద్ద పావును వదులుకుని ఎదుటి రాజును పట్టుకోవడాన్ని బలి అంటారని ఆ పుస్తకాలే చెప్పాయి. అప్పటినుంచి అలాంటి బలి ఒక్కటైనా ఇవ్వాలని నా చెయ్యి ఉబలాటపడేది.

ఆ అవకాశం ముడిమ్యాలలో వచ్చింది. అక్కడ క్యారెట్ పండించే ఒక పెద్ద రైతు ఉన్నాడు, అందరికీ పటేలే. ఆదివారాలు ఆయన బోరు షెడ్డు ముందు మంచం వేసి ఆడుకునేవాళ్లు. ఆయన్ని ఓడించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. నన్ను చూస్తే వాళ్లకు నవ్వులాట.

"ఏం లైబ్రరీ, ఇయ్యాల ఏ పేజీ ఆడుతున్నవ్?"

ఆ రోజు ఆట మధ్యలో నా మంత్రిని పటేల్ రాజు పక్కనున్న బంటు మీద పెట్టాను. రాజు దాన్ని తింటే నా ఏనుగూ గుర్రమూ కలిసి రాజును మూలకు తోసి కట్టేస్తాయి. పుస్తకంలో చూసిన బొమ్మ అచ్చం అలాగే ఉండేది.

"పిచ్చి లేసిందా నీకు? మంత్రినే ఇస్తున్నవ్!" అన్నారు వెనక నిలబడి చూసేవాళ్లు.

పటేల్ మంచం మీదికి వంగి గడులను చూశాడు. తరువాత తన రాజును మెల్లగా పడుకోబెట్టి, "అయిపోయింది తియ్" అన్నాడు.

ఆ మాట మీద నేను నెలల తరబడి బతికాను. దుకాణానికి కాగితాలు తెచ్చినవాళ్లకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు, అడిగినా అడగకపోయినా చెప్పాను.

మా చెల్లెలి కూతురు మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చదువుతున్నది. ఒక ఆదివారం పొద్దున తనకు పచ్చడి సీసా ఇవ్వడానికి వెళ్లి, రోడ్డు పక్క చాయ్ దుకాణంలో ఆ ఆట కథ ఎత్తుకున్నాను. ఎత్తులన్నీ నోటికే వచ్చు. నేను చెబుతుంటే తను ఫోన్‌లో పెట్టింది. మంత్రి బలి దగ్గరికి రాగానే తెర పక్కన ఎవరిది పైచెయ్యో చూపే గీతలో నా తెల్లరంగు కిందికి జారి మొత్తం నల్లబడిపోయింది.

"మామా, గిది తప్పు. కంప్యూటర్ రెండు క్వశ్చన్ మార్కులు పెట్టింది."

"మంచిగ చూడు."

"చూసిన. రాజు నీ మంత్రిని తింటడు. నువ్వు ఏనుగును తెస్తవ్. గప్పుడు పటేల్ బంటు ఆఖరి వరుసల దిగి మంత్రి అయితది. నీ రాజు గదే వరుసల ఉన్నడు, చెక్. ఇగ నీ పని ఖతం."

"అంత పెద్ద ఆటగాడికి అది కనబడలేదా?"

"మనిషి నీ మొఖం జూసి బుగులుపడి వెనక్కి తగ్గుతడు మామా. దీనికి నీ మొఖం తెల్వదు గద."

చాయ్ సగం వదిలేసి బస్సెక్కాను. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. కడ్డీ పట్టుకుని నిలబడి ఆ బంటును మళ్లీ మళ్లీ ఆపి చూశాను, ఆగలేదు. నా జీవితంలోని ఒక్క గొప్ప ఎత్తూ గుడ్డిదెబ్బేనా? చేవెళ్ల దాకా ఓపిక పట్టలేక ముడిమ్యాల గేటు దగ్గరే దిగి, ఎండలో షెడ్డు దాకా నడిచాను.

ఆటగాళ్లు ఇంకా రాలేదు, పటేల్ ఒక్కడే ఉన్నాడు. క్యారెట్ కడిగిన నీళ్లు ఇంకా మడిలోకి పారుతున్నాయి.

"పటేలా, ఆ ఆట నువ్వు ఓడలే. గెలిచేటోనివి" అంటూనే మంచం మీద పావులు పేర్చి బంటును చివరి గడిలోకి దించాను. "ఇదిగో, మంత్రి అయింది. చెక్."

ఆయన పగలబడి నవ్వాడు.

"మంత్రి ఎట్లయితది రా? అది దిగింది ఒంటె గడి. ఒంటెనే అయితది."

కంప్యూటర్ మాట విని ఆ సంగతే మరిచిపోయాను. వాళ్ల ఆటలో బంటు ఏ పావు గడిలో దిగితే ఆ పావే అవుతుంది. ఇది పాతకాలపు పద్ధతి, పుస్తకాల్లో లేదని నేను ఎన్నోసార్లు పోట్లాడి, ఓడి, వాళ్ల పద్ధతికే ఒప్పుకుని ఆడుతున్నాను. ఒంటె ఏటవాలుగానే నడుస్తుంది. అదే వరుసలో ఉన్న నా రాజుకు దాంతో చెక్ లేదు. అంటే నా ఏనుగు, గుర్రం పని పూర్తి చేస్తాయి. కంప్యూటర్ తప్పు చెప్పలేదు, అది వేరే ఆటను చూసింది. ఈ మంచం మీద నా బలి నిఖార్సైనదే.

సంతోషం రావాలి. రాలేదు.

"నేను గది లెక్క జూసుకునే రాజును పండవెట్టిన" అన్నాడు పటేల్. "నువ్వు సుత గది చూసే ఇచ్చినవ్ గద?"

అవును అంటే చాలు, అడిగేవాడు లేడు.

"చూడలే పటేలా. ఆ బంటునే చూడలే."

"మరి ఏం జూసి ఇచ్చినవ్ రా?"

"బొమ్మ. పుస్తకంల బొమ్మ."

ఆయన నవ్వు ఆగిపోయింది. తన రాజును తీసి చేతిలో తిప్పాడు. "అంటే నేను ఎవనికి ఓడిన?" అని తనలో తనే గొణుక్కున్నాడు. తరువాత పావులన్నీ ఒక్కసారిగా కలిపేసి మొదటినుంచి పేర్చసాగాడు.

"కూసో. ఇయ్యాల నీ పుస్తకం రూల్‌తోనే ఆడుదాం. బంటు ఏడ దిగినా మంత్రే. సరేనా?"

ఇన్నేళ్లు నేను పోట్లాడింది ఆ మాట కోసమే. సరే అన్నాను. ఆట మొదలైన కాసేపటికే ఆయన బంట్లు ఒక్కొక్కటీ మంత్రిలా కనబడసాగాయి. మధ్యలో ఒకచోట ఆయన రాజు పక్క దారి తెరుచుకుంది. బలి ఇద్దామని మంత్రిని పట్టుకున్నాను, కానీ ఆ బంట్లను చూసి ఆగిపోయాను. ముట్టుకున్న పావు కదపాల్సిందే కాబట్టి, ఒక్క గడి వెనక్కి జరిపి పెట్టాను.

"ఏమైంది లైబ్రరీ, ఇస్తలేవా?" అన్నాడు పటేల్.

అన్నం వేళ కాకముందే ఓడిపోయాను. నా మంత్రి చివరిదాకా నా దగ్గరే ఉన్నది.