ఒక బోరు, ముగ్గురు అన్నదమ్ములు, నా నంబరు

నాకు కాలు నిలవదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిడుతుంది. ఆ బుధవారం పొద్దున కాచిగూడలో కర్నూలు రైలెక్కాక కూడా ఊరికే లేచి తలుపు దాకా వెళ్లొస్తూనే ఉన్నాను. ఎట్లా కూర్చోను? శనివారం పదింటికి మా కంపెనీలో మీటింగు. మా పరిశోధన గది ఉంటుందో ఊడుతుందో అందులో తేలిపోతుంది.

మాది హైదరాబాదులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ. పొలం మోటార్లకు స్టార్టర్లు చేస్తాం. సెల్‌ఫోన్లు పల్లెలకు కొత్తగా వస్తున్న రోజులవి. మా గదిలో నలుగురం రెండేళ్లు తంటాలు పడి ఒక పెట్టె తయారుచేశాం. దాన్ని బోరు దగ్గర బిగించి ఇంటి నుంచి ఫోను చేస్తే చాలు, మోటారు ఆడుతుంది. దొంగలూ ఆకతాయిలూ వేయకుండా ఒక్క నంబరు మాటే వినేట్టు చేశాం. బాగానే అమ్ముడుపోయాయి. సగం తిరిగొచ్చాయి.

"సొంతంగా కనిపెట్టడం మనకు అచ్చిరాదమ్మా," అన్నారు మా యజమాని. ఆయన్ను అందరం సారు అంటాం. "బోర్డులు చైనా నుంచి తెప్పిద్దాం, పైన మన పేరు అతికిద్దాం. మీరు నలుగురూ రిపేర్లు చూసుకోండి." ఎందుకు తిరిగొచ్చాయో చూసొస్తానంటే ఒప్పుకోలేదు. ఊళ్లు తిరగడం అమ్మకాలవాళ్ల పనట, పరిశోధనవాళ్లు గది దాటకూడదట. ఒళ్లు మండింది. సెలవు రాసిచ్చి బయల్దేరాను.

కర్నూల్లో దిగేసరికి మధ్యాహ్నం. రిక్షా మాట్లాడుకుని మా సరుకు అమ్మే శెట్టిగారి కొట్టుకు వెళ్లాను. తిరిగొచ్చిన మా పెట్టెల్ని పేర్చి, వాటిమీద టీ గ్లాసులు పెట్టుకున్నారు. చూడగానే ప్రాణం ఉసూరుమంది.

"ఈడ కరెంటు పెడితే బాగనే ఆడతాండాదమ్మా," అన్నారు శెట్టిగారు. "ఏమప్పా, ఎందుకొద్దు అని అడిగితే మాత్రం ఎవురూ చెప్పరు. ఎర్రగుంట్లలో మా బావమరిది కొట్టుండాది. ఆడ ఒక రైతు వాపసు తెస్తానన్నాడంట. పోయి అడుగు."

సాయంత్రం డోన్ బస్సెక్కాను. పక్కన ఒకావిడ ఒళ్లో వేరుశనక్కాయల సంచి పెట్టుకుని కూర్చుంది.

"యాడికి పోతాండావు పాపా?"

"ఎర్రగుంట్లకు. అక్కడ ఒక మోటారు చూడాలి."

"మోటరు చూసేదానికి ఇంత దూరమా! పెండ్లికొడుకుని చూసేదానికి పోతాండావనుకుంటిని!" అని పకపకా నవ్వి, దోసెడు కాయలు నా చేతిలో పోసింది.

డోన్‌లో స్టేషనుకు దగ్గరగా లాడ్జీ దొరికింది. మంచం బాగానే ఉంది, నిద్రే రాలేదు. పొద్దున బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. అటు వెళ్లేవాళ్లు తప్పక తినండి, మంచినీళ్లు మాత్రం దగ్గర పెట్టుకోండి. గుత్తిలో రైలు మారి ఎర్రగుంట్ల చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. శెట్టిగారి బావమరిది కొట్టులో ఆ రైతు ఊరు కనుక్కుని, సిమెంటు లారీల వెనకే ఆటోలో ఆ పల్లెకు పోయాను.

ఆ రైతు ఓబులేసు, ఆయన ఇద్దరు తమ్ముళ్లు నన్ను బోరు దగ్గరికి తీసుకెళ్లారు. చిన్న రేకుల గది. గోడకు మా పెట్టె. పక్కనే మేకుకు, ప్లాస్టిక్ కవర్లో, సెల్‌ఫోను!

"ఇంటి నుంచి వేయడానికి కదండీ ఫోను! ఇక్కడ తగిలించారేంటి?" దాదాపు అరిచాను.

"బోరు ముగ్గురిదమ్మా. రోజుకొకరి వంతు," అన్నాడు ఓబులేసు. "ఫోను ఎవురి కాడుంటే నీళ్లు వాళ్లవే కదా?"

మధ్యవాడు, వాళ్ల మాటలో నడిపాయన, అందుకున్నాడు. "అన్న కాడ పెడితే నేనొప్పుకోను. నా కాడ పెడితే చిన్నోడు ఒప్పుకోడు. ఈడైతే అందురికీ సమానం."

"చేనికి నడిచొచ్చి, ఫోను తీసి, ఈ పెట్టెకే కొడతాండాము," అన్నాడు చిన్నాయన. "దానికంటే మీట నొక్కితే పోలేదా? అందుకే వాపసు ఇస్తామంటిమి."

అక్కడే గట్టుమీద కూలబడ్డాను. ఆ గదిలో కూర్చుని దొంగ గురించి ఆలోచించాం, పిడుగు గురించి ఆలోచించాం. తోడబుట్టినవాడి గురించి ఆలోచించలేదు. అన్నదమ్ములకు పడటం లేదని కొట్టువాడికి ఎవరు చెప్పుకుంటారు?

మూడు నంబర్లు పట్టేట్టు, ఎవరి రోజున వాళ్ల మాటే వినేట్టు చేయొచ్చని చెప్పాను. దానికి కొన్ని నెలలు కావాలన్నాను. అందాకా ఏం చేయాలని అడిగాడు ఓబులేసు. మజ్జిగ తెచ్చిన ఆయన భార్య అంది: "ఈ పాప నంబరే పెట్టుకోండి. మనలో ఎవురి పక్కా కాదు గదా. వంతొచ్చినోళ్లు ఇంటి కాడి నుంచే పాపకు ఫోను కొడితే, పాప మోటరుకు కొడతాది."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. ముగ్గురూ ఒకేసారి తలూపారు. ఈ ముగ్గురూ ఒక మాట మీదికి రావడం తాను చూడటం ఇదే మొదటిసారి అందామె. పెట్టెలో నా నంబరు ఎక్కించి వచ్చేశాను.

సాయంత్రానికి ఎర్రగుంట్లకు తిరిగొచ్చాను. సారుకు ఫోను చేసి, వంతు తెలిసిన బోర్డు ఏ దేశం నుంచీ రాదని ఆపకుండా చెప్పాను.

"అన్నదమ్ముల కథలు నాకెందుకమ్మా? చైనావాళ్లకు దాదాపు మాటిచ్చేశాను," అన్నారు. "శనివారం పదింటికల్లా రండి. ఫోన్లు ఆపుకుని మరీ." మీటింగులో ఫోను మోగితే ఆయనకు పూనకమే.

ఆ రాత్రి అక్కడే లాడ్జీలో ఉండి, శుక్రవారం ప్రొద్దుటూరులో బస్సు మారి కర్నూలు దారి పట్టాను. కిటికీ వైపే సీటు, అయినా ఏమీ చూడలేదు. రెండేళ్ల పని రిపేరు బల్ల మీద శవంలా కనిపిస్తోంది. ఆళ్లగడ్డ దాటాక, సరిగ్గా పదింటికి, ఫోను మోగింది.

"అక్కా, నడిపోణ్ణి. కరెంటొచ్చినాది. ఈ పొద్దు నా వంతు. మోటరెయ్యి."

గబగబా పెట్టె నంబరు నొక్కాను. పక్కనున్న తాత వింతగా చూశాడు.

"ఏం చేస్తాండావమ్మా?"

"మోటారు వేస్తున్నాను తాతా."

"బస్సులో మోటరు యాడుండాది?"

"ఎర్రగుంట్ల దగ్గర."

ఆయన కాస్త అవతలికి జరిగి కూర్చున్నాడు. ఇంతలో మళ్లీ ఫోను. "పడతాండాయక్కా! మిద్దె మీంచి చూస్తాండా, నీళ్లు పడతాండాయి! ఇంట్లో ఉండే ఏయిస్తి! ఈ వారమంతా కరెంటు పదింటికే, మర్సిపోవద్దు!" నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

కర్నూల్లో హైదరాబాదు బస్సెక్కాను. ఊరు చేరేదాకా మళ్లీ అదే ఆరాటం, ఒక్కచోట కూర్చోలేకపోయాను. ఆ సీమలో నేను చూసింది రెండు రోజులే. అక్కడివాళ్లు వంతు తప్పరు, తప్పనివ్వరు. అంతమాత్రం తెలిసింది. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను.

మర్నాడు పదింటికి మీటింగు. పదింటికే కరెంటు. చిన్నాయన వంతు. నేను ఫోను ఆపను.