సమ్మక్కను ఒక సీజన్ ఆపిన కోచ్

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను పినపాక దగ్గరి బాలికల ఫుట్‌బాల్ శిబిరానికి ఇన్‌చార్జిగా వేశారు. అప్పటికి నేను బొగ్గు కంపెనీలో స్పోర్ట్స్ సూపర్‌వైజర్‌ని. సంక్షేమ అధికారి కింద పనిచేసే ఉద్యోగం అది. గ్రౌండు చదును చేయించడం, జట్లను టోర్నమెంట్లకు తీసుకెళ్లడం, ఆడే కార్మికులకు డ్యూటీ మినహాయింపు ఇప్పించడం మా పని. శిబిరంలో పాతికమంది దాకా ఆడపిల్లలు ఉండేవారు. చాలామంది అడవి ఊళ్ల నుంచి, కొందరు గని కార్మికుల ఇళ్ల నుంచి వచ్చారు.

అదే నెలలో ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఎరిక్ వచ్చాడు. స్వీడన్ దేశస్థుడు, యాభై దాటిన మనిషి. ఒక సీజన్ పాటు కోచింగ్ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. పదహారేళ్లకే అక్కడి మొదటి డివిజన్‌లో ఆడినవాడని అతని గురించి పంపిన కాగితంలో ఉంది. పిల్లలు ఆ కాగితం కంటే ముందు అతని ఎడమ మోకాలు చూశారు. అది పూర్తిగా వంగేది కాదు.

ఎరిక్ తన ఆట గురించి అడిగితే చెప్పేవాడు, అడగకపోతే లేదు. సాయంత్రాలు మెస్ వరండాలో కూర్చున్నప్పుడు ముక్కలు ముక్కలుగా విన్నాను. పదహారేళ్లప్పుడు ఒక గురువారం అతన్ని జూనియర్ జట్టులోంచి తీసి సీనియర్లతో ప్రాక్టీసుకు పంపారు. శనివారం మ్యాచ్ చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దించారు. ఇరవైకి జర్మనీలో ఒక క్లబ్బుకు వెళ్లాడు. తర్వాత మోకాలికి వరుస ఆపరేషన్లు. ముప్పైకి ముందే ఆట అయిపోయింది.

మోకాలి గురించి అతనికి పెద్ద బాధ ఉన్నట్టు నాకు కనిపించలేదు. బాధ వేరే చోట ఉంది. సీనియర్ జట్టులోకి వెళ్లిన ఆ వేసవిలో అతని జూనియర్ జట్టు ఓడెక్కి డెన్మార్క్‌లో ఒక టోర్నమెంటుకు వెళ్లింది. స్కూలు గదుల్లో నేల మీద పడుకుని, పది రోజులుండి తిరిగి వచ్చారు. ఇతనికి అప్పుడు సీనియర్ మ్యాచ్‌లు. వాళ్లు వచ్చాక తమలో తాము ఏవో మాటలనుకుని నవ్వుకునేవారట. ఆ మాటలకు ఎందుకు నవ్వుతున్నారో తనకు ఎప్పుడూ తెలియలేదని చెప్పాడు. నలభై ఏళ్ల కిందటి సంగతి అది.

మా గ్రౌండుకు ఒక ప్రత్యేకత ఉంది. ఓపెన్‌కాస్ట్ గని దగ్గర్లోనే. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు పొడుగ్గా సైరన్ మోగుతుంది. పేలుడు అయ్యాక ఇంకో చిన్న సైరన్ వస్తే పని మళ్లీ మొదలుపెట్టవచ్చు. గ్రౌండు ప్రమాద పరిధికి ఇవతలే ఉన్నా, మొదట్లో సైరన్ వినగానే పిల్లలు గ్రౌండు పక్కనున్న షెడ్డు వైపు పరుగెత్తి ఒకరి మీద ఒకరు పడేవారు. అందుకని ఒక నియమం పెట్టాను. సైరన్ మోగితే బంతి వదిలేసి, ఉన్నచోటే కూర్చుని, తల మీద చేతులు పెట్టుకోవాలి. ఎవరికీ మినహాయింపు లేదు. కొద్ది వారాలకు ఆ పని చేయడానికి ఎవరూ ఆలోచించే అవసరం లేకపోయింది.

ఆ పిల్లల్లో సమ్మక్క లెఫ్ట్ వింగ్‌లో ఆడేది. పదహారేళ్లు. ఎడమ గీత వెంబడి బంతి తీసుకుని బయలుదేరితే డిఫెండర్లకు వీపే కనిపించేది. నోరు కూడా అంత వేగం. ఒకరోజు ఎరిక్ కూర్చుని లేస్తుంటే, "సార్, మీ మోకాలు పాత తలుపు లెక్క కిర్రుమంటున్నది. కొంచెం నూనె పొయ్యాలె" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఎరిక్ నవ్వి, మెస్ నుంచి నూనె సీసా తెమ్మన్నాడు. ఆ పిల్ల నిజంగానే తెచ్చింది.

శీతాకాలం మొదట్లో బెంగళూరు నుంచి ఒక మహిళా క్లబ్బు మనిషి వచ్చి మూడు రోజులు ప్రాక్టీసు చూశాడు. సమ్మక్కను సీనియర్ జట్టుకు కావాలన్నాడు. క్లబ్బులు ఏడాదిలో కొన్ని వారాల్లోనే కొత్తవాళ్లను రిజిస్టర్ చేసుకోగలవు. ఆ గడువు దాటితే తర్వాతి ఏడాది దాకా ఆగాల్సిందే. వెంటనే పంపమని అతను అడిగాడు. పంపాలనే నేనూ అనుకున్నాను.

ఎరిక్ ఒప్పుకోలేదు. ఇంకో నెలలో ఖమ్మంలో అంతర్‌జిల్లా ఫైనల్స్ ఉన్నాయి. ఆ పిల్ల తన జట్టుతో అవి ఆడి వెళ్లాలన్నాడు. క్లబ్బు మనిషి నా వైపు చూశాడు. మైనర్ విషయంలో తల్లి అంగీకారం కావాలి, కోచ్ సిఫారసూ కావాలి. రెండోది లేకుండా నేను సంతకం పెట్టలేను.

ఎరిక్, నేను సమ్మక్క ఊరికి వెళ్లాం. తల్లి చేట పట్టుకుని వడ్లు చెరుగుతోంది. పని ఆపలేదు. ఎరిక్ పదహారేళ్లకే పెద్ద జట్టులో ఆడినవాడని చెబితే అతన్ని ఎగాదిగా చూసి, "ఈ సార్‌కు ఇల్లు లేదా? గింత దూరమెందుకొచ్చిండు?" అని నన్నడిగింది. ఉందని చెప్పాను. "ఈయన్ని పదహారేండ్లకే తోలిన్రంటివి గద. వాళ్ల అమ్మ ఏమన్నదో అడుగు."

ఎరిక్‌ను అడిగాను. అమ్మ సంతోషించిందన్నాడు. తానూ సంతోషించాడట. తర్వాత ఎవరి మీదా కోపం పెట్టుకోవడానికి లేకుండా పోయిందన్నాడు.

తల్లి చేట కింద పెట్టింది. "పిల్ల ఏమంటదో గదే. నాకు పోయినా ఒకటే, ఉన్నా ఒకటే. పోతే మాత్రం ఫోన్ చెయ్యాలె."

పిల్ల వెళ్తానంది. ఎరిక్ వద్దంటున్నాడని తెలిసి షెడ్డు ముందు నన్ను నిలబెట్టేసింది. "ఏంది సార్ ఇది? ఆయన కాలు పోయిందని నా కాలు కట్టేస్తడా?" ఎరిక్ పక్కనే ఉన్నాడు. ఏమందని అడిగాడు. దాచడం కుదరలేదు, చెప్పాను. కొంత నిజమేనన్నాడు. ఆ జవాబు ఆమెకు చెబితే వెళ్లిపోయి, ఆ సాయంత్రమంతా గోడకు బంతి కొడుతూ ఉంది.

చివరికి క్లబ్బు మనిషి ఒక మెట్టు దిగాడు. గడువు ముగియడానికి రెండు రోజుల ముందే ఫైనల్. తాను ఖమ్మం వస్తానని, ఆ మ్యాచ్ చూసి అక్కడే తేల్చుతానని అన్నాడు. సమ్మక్క బెంగళూరు వెళ్లడం ఆ ఒక్క మ్యాచ్ మీదకు వచ్చింది.

ఖమ్మంలో మా జట్టు ఫైనల్ దాకా వెళ్లింది. రెండో సగంలోనూ గోల్ లేదు. ఇంకో పావుగంట ఉందనగా సమ్మక్క ఎడమ వైపు నుంచి ఇద్దరిని దాటింది. ముందు గోల్‌కీపర్ ఒక్కతే ఉంది. అప్పుడు స్టేడియం వెనక గ్రానైట్ ఫ్యాక్టరీలో షిఫ్టు సైరన్ మోగింది. పొడుగ్గా.

మా పదకొండు మందీ కూర్చున్నారు. తల మీద చేతులు పెట్టుకున్నారు. బయట సబ్‌స్టిట్యూట్లు కూర్చున్నారు. నేను కూర్చున్నాను. గీత పక్కన ఎరిక్ కూడా, ఆ మోకాలితోనే, ఒక చేయి నేలకు ఆనించి కూర్చున్నాడు. అవతలి గోల్‌కీపర్ ఒక క్షణం బిత్తరపోయి, సమ్మక్క ముందున్న బంతిని తీసుకుని గట్టిగా తన్నింది. వాళ్ల ఫార్వర్డ్ దాన్ని అందుకుని, కూర్చున్న మా గోల్‌కీపర్ పక్క నుంచి లోపలికి తోసింది.

"ఏందే, బస్సు కోసం కూసున్నరా?" అని గ్యాలరీలోంచి ఎవరో అరిచారు. నవ్వులు చాలాసేపు ఆగలేదు.

నేను రిఫరీ దగ్గరికి వెళ్లాను. ప్రేక్షకుల్లో ఎవరైనా విజిల్ వేసి ఆటను గందరగోళపరిస్తే రిఫరీ ఆట ఆపి, బంతిని తానే నేలకు వదిలే డ్రాప్ బాల్‌తో మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఫ్యాక్టరీ సైరన్‌ను విజిల్ అని ఎవరూ పొరబడరని అతను అన్నాడు. అతని తీర్పు సరైనదే. ఆ ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

మ్యాచ్ అయ్యాక క్లబ్బు మనిషి సమ్మక్కను పిలిచి, నా ద్వారా ఒకే ప్రశ్న వేశాడు. మిగతావాళ్ల సంగతి సరే, బంతి నీ కాలి దగ్గర ఉంది, ఎదురుగా గోల్ ఉంది, నువ్వెందుకు ఆగావు?

"మొదలు అలవాటుకు కూసున్న సార్" అందామె. "తర్వాత యాదికొచ్చింది, ఇది ఖమ్మమని. లేద్దామనుకున్న. ఎనక్కి చూస్తే అందరు కూసునే ఉన్నరు. నేనొక్కదాన్నే ఎట్ల ఉరుకుత?"

ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తల ఊపాడు. పెద్ద జట్టుకు ఇంకా సిద్ధంగా లేదని చెప్పి, మర్యాదగానే చేయి కలిపి వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో సమ్మక్క కిటికీ దగ్గర కూర్చుంది. మొహం బయటికి తిప్పుకుంది. కొత్తగూడెం దాటాక వెనక సీట్లలో పిల్లలు ఎవరెవరు ఎట్లా కూర్చున్నారో చేసి చూపించడం మొదలుపెట్టారు. రిఫరీ మొహం, గోల్‌కీపర్ బిత్తరపాటు, నా బొజ్జ అన్నీ అయ్యాయి. ఒక పిల్ల నడవాలోకి వచ్చి ఎరిక్ కూర్చున్న తీరు చేసింది. సమ్మక్క చూసి చూసి ఇక ఆగలేకపోయింది. "అరె, గట్ల కాదే! మోకాలు ముందుగాల కిర్రుమనాలె. జరుగు" అని లేచి తానే చేసింది. బస్సంతా గోలగోల అయింది. ఎరిక్ ఎందుకు నవ్వుతున్నారని నన్నడిగాడు. చెప్పాను. తర్వాత అతను సీటులో వెనక్కి తిరిగి, మణుగూరు వచ్చేదాకా వాళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

వేసవిలో అతను వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది సమ్మక్కను ఇంకో క్లబ్బు తీసుకుంది. పదిహేడేళ్లకు సీనియర్ జట్టులో మొదటి మ్యాచ్ ఆడింది. ఇప్పటికీ ఆడుతోంది. ఇండియా జట్టు దాకా వెళ్లలేదు. ఆ ఒక్క ఏడాది ముందు వెళ్లి ఉంటే వెళ్లేదేమో. ఈ మాట ఆమె నాతో రెండుసార్లు అంది, నేను కాదనలేదు.

ఎరిక్ పోయిన శీతాకాలంలో చనిపోయాడు. అతని కూతురు మెసేజ్ పెట్టింది. సమ్మక్కకు ఫోన్ చేసి చెప్పాను. "పోయేటప్పుడు దగ్గర ఎవరన్న ఉన్నరా సార్?" అని అడిగింది. కూతురు ఉందని చెప్పాను. "అవ్, ఒక్కరన్న ఉన్నరు" అంది. అప్పటి జట్టులో అందరికీ తానే చెబుతానని, పనుల మీద ఎక్కడెక్కడికో వెళ్లినా అందరి నంబర్లూ తన దగ్గర ఉన్నాయని చెప్పింది. సాయంత్రానికి ఆ పిల్లల్లో చాలామంది నాకు ఫోన్ చేశారు.

మా వృత్తిలో ఒక ఆటగత్తెను పై జట్టుకు పంపడాన్ని ఎంపిక అంటాం. అదే రోజు ఆమెను ఇంకో జట్టులోంచి తీసేస్తాం. దానికి మా దగ్గర పేరు లేదు. ముందు పంపడం మంచిదో, ఆపడం మంచిదో ముప్పై ఏళ్లు పనిచేసినా నేను చెప్పలేను. పంపేటప్పుడు రెండూ లెక్కలోకి తీసుకోవాలన్నది మాత్రం ఆ సీజన్‌లో నేర్చుకున్నాను.