చాయ్ లెక్క మరిగిన కాఫీ

పెళ్లైన కొత్తలో గోదావరిఖని క్వార్టర్‌కు వచ్చిన మా ఆడబిడ్డ కాఫీ అడిగింది. చాయ్ తప్ప ఎరగని నేను పొడిని పాలలో వేసి చిక్కగా మరిగించాను. ఒక గుక్క తాగి, చుట్టాలందరి ముందూ, "గిది కాఫీనా, కషాయమా?" అని నవ్వింది.

ఆ కసితోనే నేర్చుకున్నాను. ఫిల్టర్‌లో పొడి మీద వేడినీళ్లు పోసి మూతపెట్టాలి. దిగిన డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి ఎక్కించొద్దు. వేడి పాలలో కలిపితే చాలు.

మొన్న మా ఆడబిడ్డ, వాళ్లింటికి కొత్త వియ్యాలవారు వస్తున్నారని ఫోన్ చేసింది.

"నీ కాఫీ మస్తుంటది. ఎట్ల పెడ్తవో జర చెప్పు పిల్లా."

"ఏమున్నది వదినె, చాయ్ లెక్కనే మంచిగ మరగనియ్యి."

ఆ రోజు నేనూ వెళ్లాను. వియ్యపురాలు మొదటి గుక్కకే మొహం చిట్లించింది. నేను గ్లాసు కింద పెట్టి, అందరికీ వినబడేలా అడిగాను.

"గిది కాఫీనా వదినె, కషాయమా?"