అల్లం అక్క

ల్యాబులో అందరికీ ఆమె అల్లం అక్క. అల్లాన్ని ఆవిరిలో ఉడికించి నూనె తీయడం పదకొండేళ్లుగా ఆమె పని. చేతులు ఎంత రుద్దినా ఆ ఘాటు వదలదు. ఆ నూనె క్యాన్సర్ కణాలను చంపుతుందేమోనని ప్రొఫెసర్ పరీక్షిస్తున్నాడు. చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో నూనె వేసిన కణాలు చచ్చాయి సరే, పోల్చి చూడ్డానికి నూనె వేయకుండా వదిలిన పక్క గుంటల్లోవీ మూడుసార్లూ చచ్చాయి. "నీ నూనె వల్లేనని ఎలా చెప్పమంటావమ్మా? ఇక ఆపేద్దాం," అన్నాడు ప్రొఫెసర్. అక్క ప్లేటు మూత తీసి వాసన చూసింది. "ఒకే మూత కింద పెడితే ఘాటు పక్కింటికి పోకుండా ఉంటుందా సార్? నూనె వేయనివాటిని వేరే ప్లేటులో పెట్టి చూడండి." పెట్టారు. మూడో రోజుకు నూనె తగిలినవి చచ్చాయి, తగలనివి నిక్షేపంగా ఉన్నాయి. "ఇది మందు కావాలంటే ఇంకా ఏళ్లు పడుతుందమ్మా," అన్నాడాయన, మైక్రోస్కోపు వదలకుండా నవ్వుతూ. "పట్టనివ్వండి. ముందు మీరు లేవండి, నేను చూడాలి," అని అక్క ఆయన్ని లేపి ఆ కుర్చీలో కూర్చుంది.