రస్కు ప్యాకెట్ మీద తేదీ

రాజమండ్రి శివార్లలో రస్కులు చేసే ఫ్యాక్టరీలో తేదీలు వేసే మిషను నాది. బెల్టు మీద ప్యాకెట్లు కదిలి వస్తుంటే, పక్కనున్న హెడ్‌లోంచి సిరా సన్నటి చుక్కలుగా ఎగిరి, ప్యాకెట్‌ను తాకకుండానే బ్యాచి నంబరూ, తయారైన తేదీ, ధరా రాసేస్తుంది. సిరా చిక్కబడకుండా కలిపే ద్రావకాన్ని మా దగ్గర మేకప్ అంటారు. నాకు తెలిసిన మేకప్ అదొక్కటేనని ప్యాకింగులో ఆడవాళ్లు నవ్వి, మళ్లీ వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. ఘాటు వాసన కాబట్టి నా చోటు లైను చివర, కిటికీ పక్కన. ఆ హోరులో సైగలే తప్ప మాటలుండవు.

అప్పటికి మా అమ్మ పోయి ఏడాది. ఇంటికి వెళ్లినా మాట్లాడేవాళ్లు లేరు. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఫిర్యాదుల కోసం ప్యాకెట్ వెనక ఒక నంబరు ఉంటుంది. ఎక్కువ ఫిర్యాదులు తేదీ గురించేనని మేనేజరు గారు ఆ ఫోను నా చేతికిచ్చారు. ఒక మంగళవారం పొద్దున నరసాపురం నుంచి ఒక పెద్దావిడ చేశారు.

"రిటైరైన టీచర్నండి. పక్కింటావిడ చేత నంబరు నొక్కించాను. మీ ప్యాకెట్ మీద తేదీ అలికేసినట్టుంది. ఎప్పటిదో ఎలా తెలుస్తుందండి?"

"సారీ అండి. మిషను చూస్తానండి."

హెడ్ తెరిచాను. సిరా వచ్చే సన్నటి రంధ్రం శుభ్రంగానే ఉంది. అయినా కడిగాను. తర్వాతి మంగళవారం మళ్లీ ఆవిడే, మళ్లీ అదే మాట. ఈసారి అక్షరాల ఎత్తు పెంచాను. సిరా ఎక్కువ తాగుతోందని సూపర్‌వైజరు విసుక్కున్నాడు.

మూడో వారం ఫిర్యాదు నిమిషంలో అయిపోయింది. తర్వాత ఆవిడ కబుర్లు చెప్పారు. పెళ్లి చేసుకోలేదట, ఒక్కరే ఉంటారట, లేసు అల్లడం ఈ మధ్యే మానేశారట. "ఇవాళ ఏం కూర వండుకున్నావమ్మా?" అని అడిగారు. నన్నెవరూ ఆ మాట అడిగి చాలా రోజులైంది.

"వంకాయండి," అన్నాను. నిజానికి ఆ రోజు పెరుగన్నమే తెచ్చుకున్నాను.

అప్పట్నుంచి మంగళవారం కోసం చూసేదాన్ని. ఫోను మోగగానే జనరేటరు గది వెనక్కి వెళ్లి మాట్లాడేదాన్ని. ఒకసారి అడిగాను, "టీచరు గారండీ, మిగతావన్నీ బాగానే కనబడుతున్నాయా అండి?"

"ఎక్కడమ్మా! బైబిలు కూడా అచ్చు సరిగ్గా వేయడం లేదు. కరెంటు బిల్లూ అంతే. అందరూ సిరా ఆదా చేస్తున్నారు."

నాకు అర్థమైంది. కళ్లలో శుక్లాలు ముదిరినప్పుడు మా అమ్మ కూడా బజార్లో అన్నీ కల్తీ బల్బులే వస్తున్నాయనేది. ఆ మాట వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే ఫిర్యాదు ఉండదు, ఫోనూ ఉండదు. రెండు మంగళవారాలు అలాగే కూరల గురించి మాట్లాడి ఊరుకున్నాను. రెండోసారి ఆవిడ, పొయ్యి మంట కనబడక చెయ్యి కాల్చుకున్నానని నవ్వుతూ చెప్పారు. ఇల్లు ఎక్కడో అప్పుడే అడిగి రాసుకున్నాను. ఆదివారం నరసాపురం రైలెక్కాను.

తలుపు తీసిన ఆవిడ, నేనెవరో చెబితే, నా మొహంకేసి కాక భుజం పక్కకి చూశారు. వంటింట్లో మా ప్యాకెట్లు మూడు విప్పకుండా ఉన్నాయి. తేదీలు నల్లగా, పొడిగా, స్పష్టంగా ఉన్నాయి. మూడూ చదివి వినిపించి, "అచ్చు బాగానే ఉందండి," అన్నాను.

ఆవిడ ఒక ప్యాకెట్ అందుకుని తేదీ మీద వేలు రాశారు.

"తెలుసమ్మా. కంటి మీద కత్తి పెడతారంటే భయం. ఫోను చేస్తే నువ్వు ఎత్తేదానివి. రోజు గడిచేది."

"మా అమ్మకి ఈ ఆపరేషను నేనే దగ్గరుండి చేయించానండి. పావుగంట పని. మీతో కూడా వస్తాను."

సెలవు పెట్టి భీమవరం ఆసుపత్రికి తీసుకెళ్లాను. బయట బల్ల మీద కూర్చుంటే, "మీరు కూతురాండి?" అని నర్సు అడిగింది. కాదన్నాను.

పది రోజుల తర్వాత ఆవిడే నంబరు నొక్కి, పిల్లలకి పాఠం చదివినట్టు ప్యాకెట్ మీది ముక్కలన్నీ చదివారు. బ్యాచి నంబరు, తేదీ, ధర, చివరికి ఫ్యాక్టరీ అడ్రసు కూడా. "చుక్కలు చుక్కలుగా వేస్తుందే మీ మిషను! ఇన్నాళ్లూ దాన్ని ఆడిపోసుకున్నాను," అన్నారు. నేను గోడకానుకుని నవ్వాను. కళ్లు తుడుచుకున్నాను కూడా.

తర్వాత మూడు మంగళవారాలు ఫోను మోగలేదు. నాలుగో వారం చేశారు. వెనకాల పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు. "ట్యూషన్ మొదలెట్టానమ్మా. వీళ్లు నన్ను ఊపిరి తీసుకోనివ్వడం లేదు. మళ్లీ చేస్తాను," అని పెట్టేశారు. ఆ గొంతులో హుషారు విని సంతోషించాను. తర్వాత చాలాసేపు ఆ ఫోను చేతిలోనే పట్టుకుని ఉన్నాను.

ఆ నెలాఖరుకి ఫిర్యాదుల పని హైదరాబాదు ఆఫీసుకి మార్చారు. మేనేజరు గారు ఫోను తీసుకున్నారు. కొత్త కవర్ల మీద నంబరు వేరు. నా సొంత నంబరు ఆవిడకి ఇవ్వాలని అప్పటిదాకా నాకు తోచనే లేదు. ఫోను ఇచ్చేముందు రాసుకున్న ఆవిడ నంబరు మాత్రం నా దగ్గర ఉంది. ఏం మాట్లాడాలో తెలియక ఇంకా చేయలేదు.