రెండు దీవుల మధ్య మురికి

ఇస్మే ఎనో దేనికీ అసహ్యించుకునే మనిషి కాదు. చేప పేగులు మోచేతుల దాకా పూసుకుని, గట్టున కూర్చుని నవ్వుతూ కబుర్లు చెప్పేది. కారియకూ దీవిలో, విండ్‌వర్డ్ రేవులో, సొంత పడవకు చుక్కాని పట్టిన ఆడది ఆమె ఒక్కతే. అలాంటి ఇస్మే ఒక శనివారం నడిసముద్రంలో కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

ఆ రోజు యూనియన్ దీవిలో, ఆమె టాంటీ అని పిలిచే పిన్ని లియోంటీన్‌ను మట్టి చేస్తున్నారు. తల్లి పోయాక ఇస్మేను పెంచింది ఆవిడే. ఇక్కడివాళ్ళు అక్కడి పిల్లల్ని పెళ్ళి చేసుకున్నారు, అక్కడివాళ్ళు ఇక్కడ పడవలు కట్టించుకున్నారు. విండ్‌వర్డ్ ఒడ్డున నిలబడితే యూనియన్ కొండలు ఎదురుగా కనిపిస్తాయి. అయినా స్వాతంత్ర్యం వచ్చాక అది వేరే దేశం, ఇది వేరే దేశం. ఎదురుగా ఉన్న ఊరికి వెళ్ళాలంటే ముందు దానికి వీపు తిప్పి, కొండెక్కి దిగి, హిల్స్‌బరోలోని సర్కారు ఆఫీసులో దేశం దాటడానికి ముద్ర వేయించుకోవాలి. చావు కబురు తెల్లవారాక వచ్చింది. శనివారం ఆఫీసు లేదు. శవాన్ని దాచి ఉంచే వసతి ఆ దీవిలో లేదు.

"ముద్ర లేకుండా ఎలాగే? పట్టుకుంటే పడవ లాక్కుంటారు," అన్నాడు మేనమామ కొడుకు కాస్నెల్.

"సోమవారం వేస్తారట ముద్ర. అందాకా ఆగుతుందేమో, వెళ్ళి టాంటీని అడిగి రా," అంది ఇస్మే.

కాస్నెల్ పడవెక్కాడు. ఇస్మే తెల్లగౌను తొడుక్కుంది, సమాధి మీద పొయ్యడానికి రమ్ము సీసా పెట్టుకుంది.

సగం దూరం వెళ్ళేసరికి, ఇసుకదిబ్బ పక్కన లంగరేసిన తెల్లటి విలాస నౌక కనిపించింది. దానికంటే ముందు దాని కంపు తగిలింది. నౌక పక్కనుంచి గోధుమరంగు చార నీళ్ళలోకి సాగుతోంది. వెనకనుంచి ఎవరో నల్ల సంచులు ఒకదాని తర్వాత ఒకటి విసురుతున్నారు.

"చూడు, చూడు! తినగా మిగిలిందీ మనకే, తిని దిగినదీ మనకే!" అన్నాడు కాస్నెల్, ముక్కు మూసుకుని.

అంతలో మోటారు గురగురమని ఆగిపోయింది. ఒక సంచి నీళ్ళలో తిరిగే మోటారు పంకా రెక్కలకు చుట్టుకుంది. ఇస్మే గౌను పైకి దోపుకుని, వెనక్కి వంగి రెండు చేతులతో లాగింది. సంచి పిగిలింది. పసిపిల్లల మురికి గుడ్డలు, కుళ్ళిన కోడిమాంసం, వాటి మీద ముసిరిన పురుగులు ఆమె రొమ్ము మీదుగా ఒళ్ళోకి జారాయి. తలెత్తబోతే జుట్టుకి కూడా అంటింది. అప్పుడే కక్కుకుంది. ఏడుపు రాలేదు, కోపమూ వెంటనే రాలేదు. తన ఒళ్ళు తనది కానట్టు చేతులు దూరంగా పట్టుకుని నిలబడింది.

పడవ ఎలాగో మళ్ళీ కదిలింది. కాస్నెల్ యూనియన్ వైపు తిప్పబోతే ఇస్మే చుక్కాని లాక్కుని నేరుగా నౌక దగ్గరికి నడిపింది. ఎండకి కమిలిన ఒక లావుపాటాయన నౌక అంచు కమ్మీల మీదుగా వంగి చెయ్యి ఊపాడు.

"హలో అమ్మా! పెద్ద రొయ్యలున్నాయా?"

"ఉన్నాయి నాయనా, తాజావి!" అంటూ ఇస్మే ఆ చిరిగిన సంచిని ఎత్తి అతని తెల్లటి చెక్కనేల మీదకి విసిరింది. తర్వాత నీళ్ళలో తేలుతున్న ఇంకొకటి. అక్కడి ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

లావుపాటాయన రేడియో అందుకున్నాడు. ఇస్మే యూనియన్ రేవు చేరేలోపే అక్కడి గస్తీ పడవ అడ్డం వచ్చింది. అందులోని కుర్ర అధికారి ఎక్కడో దూరపు దీవివాడు.

"ముద్రేదీ?"

"వాళ్ళ పెంటకుందా బాబూ, ముద్ర? అది మీ దేశం నుంచి మా దేశంలోకి వచ్చిందో, మా దేశం నుంచి మీ దేశంలోకి పోయిందో, ముందు అది చెప్పు."

"కొంచెం దూరంగా నిలబడమ్మా," అన్నాడతను, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

సాయంత్రం దాకా రేవు మీద ఎండలో కూర్చోబెట్టారు, కడుక్కోవడానికి నీళ్ళలోకి దిగనివ్వలేదు. ఒంటి మీద మురికి ఎండి పెచ్చులు కట్టింది. ఈగలు వచ్చాయి. నౌక దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. పడవతో సహా వదిలిపెట్టాక ఇస్మే పిన్ని ఊరు ఆష్టన్ చేరేసరికి సమాధి మీద మట్టి సర్దేసి ఉంది. నల్లబట్టల్లో ఉన్న చుట్టాలు ఆమెను చూసి వెనక్కి జరిగారు. పిన్ని కూతురు మెర్ల్ ఒక్కతే దగ్గరికొచ్చింది.

"ఏమైందే నీకు? ఏమిటీ కంపు?"

"నన్ను ముట్టుకోకు. నాకే నన్ను ముట్టుకోబుద్ధి కావడం లేదు."

మెర్ల్ వినలేదు. పెరట్లో పీట వేసి కూర్చోబెట్టి, వాననీళ్ళ తొట్టిలోంచి ముంచి పోస్తూ, సబ్బుతో మూడుసార్లు తల రుద్దింది. ఎండాకాలంలో ఆ దీవిలో మంచినీళ్ళెంత కరువో ఇస్మేకి తెలుసు. చాలని చెబుతున్నా మెర్ల్ ఆపలేదు. అప్పటిగ్గానీ ఇస్మేకి ఏడుపు రాలేదు.

ఆ తర్వాత ఇస్మే మునుపటిలా విలాస నౌకలవాళ్ళకి రొట్టె అమ్మలేదు, మంచినీళ్ళు మోయలేదు. "పట్టపురాణి ముక్కొచ్చింది దీనికి," అని రేవులో నవ్వారు. నవ్వనిచ్చింది. సంపాదన సగానికి పడింది, పెళ్ళిళ్ళకీ చావులకీ చుట్టాలను అటూ ఇటూ దాటిస్తూ బతికింది. ఆ రెండు దీవుల మధ్య నీళ్ళలో పట్టిన చేప మాత్రం చచ్చేదాకా నోట పెట్టలేదు.